‘ర’ లేని అక్షరశాల

ఇల్లు, ముందు గది
బుధవారం

బావగారికి,

ఈ ఉదయం చెక్కే మెషిన్ మీద కప్పిన దుప్పటి తీశాను. గాజు మూత లోపలివైపు ఒక వేలిముద్ర ఉంది. మూత పైన దుమ్మంతా తుడిచాను గానీ దాన్ని తుడవలేదు.

అక్క పోయి నిన్నటికి మూడు నెలలు. అప్పటినుంచి ఆ మెషిన్ ఎవరూ ముట్టుకోలేదనే అనుకున్నాను.

మొన్న పక్కింటి టైలర్ మెషిన్ కొనడానికి ఒకాయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ఆయన జేబులోంచి టేపు తీసి మెషిన్ పొడవు, వెడల్పు, ఎత్తు కొలిచాడు. తలుపులోంచి పడుతుందా అని అడిగాడు. అమ్మ తల కూడా ఎత్తకుండా, లోపలికి ఎలా వచ్చిందనుకున్నారు అంది. ఆయన వెళ్ళాక నేను మొదటిసారి అమ్మతో వాదించాను. వాదించడమంటే నాలుగు మాటలు. నేను చదివిన కాన్వెంట్ బడి నుంచి సిస్టర్ కబురు పెట్టింది, నలభై గదుల తలుపులకి పేరు పలకలు కావాలట. వచ్చే నెలాఖరులోగా అవి నేనొక్కదాన్నే చేసి ఇస్తే మెషిన్ ఉంటుందని అమ్మ ఒప్పుకుంది. ఇవ్వలేకపోతే మెషిన్ వెళ్ళిపోతుంది, నేను అదే బడిలో పాఠాలు చెప్పాలి. ముప్పై మంది ముందు నిలబడి మాట్లాడటం నావల్ల అయ్యే పనేనా, మీరే చెప్పండి.

పొగ, పొడి తనకి పడవని అమ్మ అనడంతో మెషిన్‌ని వెనక రేకుల గదిలోకి మార్పించాం. ఇంటికున్న ఇంటర్నెట్ లైను తీసేశారు. ఉన్నా ఆ రేకుల్లోంచి ఏ సిగ్నలూ దూరదు. పేర్ల జాబితాలు సిస్టర్ మెయిల్‌లో పంపుతుంది. అవి లాప్‌టాప్‌లోకి రావాలి, అక్కణ్ణుంచి మెషిన్‌కి వెళ్ళాలి. చేత్తో పట్టుకుని ఏ గదికి కావాలంటే ఆ గదికి తీసుకెళ్ళే చిన్న నెట్‌వర్క్ ఒకటి పెట్టుకోవచ్చని అక్క అంటుండేది. ఎలా పెట్టాలో రాస్తారా? ఫోన్‌లో చెబితే నాకు అర్థం కాదు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంటే నాకేమవుతుందో మీకు తెలుసు.

మీ ఉత్తరాలు ఎప్పటిలాగే అమ్మకి నేనే చదివి వినిపిస్తున్నాను. కళ్ళజోడు మార్చుకోవాలంటోంది. ఎప్పుడొస్తున్నారో అడగమంది. మెషిన్ కూడా పోతే అల్లుడికి ఈ గుమ్మంతో పనేముంటుంది అని కూడా అంది. అది రాయమనలేదు.

మరదలు


కొండ మీద, మూడో గుడారం
శనివారం

ప్రియమైన తప్పొప్పుల పట్టికకు,

నీ ఉత్తరం సరుకుల జీపులో ఉల్లిపాయల బస్తా కింద నలిగి వచ్చింది. అయినా నీ చేతిరాత ఎక్కడా వంకర పోలేదు. చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ సిగ్నల్ ఇచ్చే టవర్ కడుతున్నాం, అది పూర్తయ్యేదాకా మాకు మాత్రం సిగ్నల్ లేదు. పది రోజులకోసారి జీపులో కిందకి దిగితేనే ఫోన్ ప్రాణం పోసుకునేది. పెళ్ళివిందులో వడ్డించేవాళ్ళ ఆకలిలా ఉంది మా పని.

ఇక అసలు సంగతి. నా ఇనప్పెట్టెలో స్వెటర్ల కింద కళ్ళజోడు డబ్బాకంటే కాస్త పెద్ద తెల్ల డబ్బా ఉంటుంది. కొని ఇప్పటిదాకా వాడలేదు, దానికింకా ఏ జ్ఞాపకమూ లేదు. పక్కనున్న చిన్న మూత తీసి సిమ్ వెయ్యి. రాత్రంతా చార్జింగ్ పెడితే పగలంతా తీగ లేకుండా పనిచేస్తుంది. రేకుల గదిలో కిటికీ పక్కన మేకుకి తగిలించు. లాప్‌టాప్‌లో దాని పేజీ తెరిస్తే, ఏమేం కలిశాయో ఒక జాబితా కనిపిస్తుంది. ఒక్కోదాని పక్కన నిలువు గీతలుంటాయి. నాలుగు గీతలుంటే వస్తువు దగ్గర్లో ఉన్నట్టు, ఒకటుంటే దూరంగా ఉన్నట్టు.

ఇందులో ఒక కిటుకుంది. కొత్త డబ్బాకి కొత్త పేరు పెట్టకు. పాత నెట్‌వర్క్ పేరూ పాత పాస్‌వర్డూ పెట్టు, అక్షరం పొల్లుపోకూడదు. రెండూ రాసిన చీటీ మెషిన్ అడుగున అతికించి ఉంటుంది, మీ అక్క చేతిరాతే. మెషిన్‌కీ ప్రింటర్‌కీ ఇల్లంటే గోడలు కాదు, పేరు. ఆ పేరు వినపడితే చాలు, ఇంటికొచ్చామనుకుని వాటంతట అవే వచ్చి కలుస్తాయి. మళ్ళీ ఒక్కోదాన్నీ బతిమాలక్కర్లేదు.

అత్తయ్యగారికి చెప్పు, పలకలు బిగించే రోజుకి డ్రిల్లు పట్టుకుని వస్తాను. నలభై తలుపులకి ఎనభై రంధ్రాలు, నీ చేతుల్తో అయ్యే పని కాదు.

బావ


ఇల్లు, రేకుల గది
మంగళవారం

బావగారికి,

మీరు రాసినట్టే చేశాను. డబ్బాలో పచ్చదీపం వెలిగింది. లాప్‌టాప్‌ని చేత్తో కలిపితే సిస్టర్ జాబితా కూడా వచ్చింది. మెషిన్ మాత్రం రాలేదు, ప్రింటరూ రాలేదు. వాటిని ఆపి మళ్ళీ వేశాను. మేకు మీంచి డబ్బా తీసి మెషిన్ నెత్తిమీద పెట్టాను. రెండూ నన్ను ఎరగనట్టే కూర్చున్నాయి.

చీటీ చూసే రాశాను. పాస్‌వర్డ్ మూడుసార్లు సరిచూశాను.

డ్రిల్లు సంగతి చదివి వినిపిస్తే అమ్మ నవ్వింది. మూడు నెలల్లో నవ్వడం ఇదే. రోజూ నాలుగింటికి వెనక మెట్ల మీద కూర్చుని, అక్క చెక్కి వదిలేసిన పాత ఇత్తడి పలకల్ని పాలిష్ చేస్తోంది. అవి ఇప్పుడు ఎవరికీ అక్కర్లేదు. అక్షరాల మీద వేలు పెట్టి తడిమి, బాగుంది అని పక్కన పెడుతుంది.

నెలాఖరుకి ఇరవై ఆరు రోజులుంది.

మరదలు


కొండ మీద
శుక్రవారం

తప్పొప్పుల పట్టికా,

నిజం చెప్పు. చీటీలో ఉన్న పేరు దిద్దావు కదూ?

గేటు మీద బోర్డులో ‘అక్షరశాల’ అనే ఉంటుంది. నెట్‌వర్క్ పేరు అది కాదు. పెళ్ళయిన మూడో వారం నేను పాత డబ్బా బిగిస్తుంటే పేరు తనే కొడతానని కూర్చుంది. ఒక చేతిలో టీ గ్లాసు, ఇంకో చేత్తో టైపు. మధ్యలో ‘ర’ ఎగిరిపోయింది. ‘అక్షశాల’ అని పడింది. అప్పటికే నాలుగు వస్తువులూ కలిపేశాం. మారుద్దామంటే ఒప్పుకోలేదు, మళ్ళీ నాలుగింటికీ ఎవడు చెప్పుకొస్తాడు, ఉండనీ, మనకి మాత్రమే తెలిసిన పేరు అంది. నీకు తెలిస్తే నిద్రపట్టదని నీకు చెప్పలేదు.

తప్పు తిరిగి పెట్టు. వచ్చేస్తాయి.

బావ


ఇల్లు, రేకుల గది
బుధవారం

బావగారికి,

దిద్దాను. అక్క తొందరలో రాసిందనుకున్నాను. సిస్టర్ ఎర్ర సిరా చూస్తూ పెరిగిన చెయ్యి కదా, ఊరుకోలేకపోయింది.

ఉత్తరం అందిన సాయంత్రమే ‘ర’ తీసేశాను. మెషిన్ గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేసింది, సూది పక్కకి జరిగి తన చోట నిలబడింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను, ఎవరో పెద్దవాళ్ళు లోపలికి వచ్చినట్టు.

నిఘంటువు చూశాను. అక్షశాల అని మాట ఉంది. బంగారపు పని చేసే చోటట. అక్క తప్పు తప్పు కాదు. ఈ సంగతి చెప్పడానికి అక్క లేదు.

పన్నెండు పలకలు చెక్కాను. అమ్మ ఒక్కోటీ తడిమి చూసింది.

ఒక్క విషయం అడగాలి. మీరు చెప్పిన జాబితా తెరిచాను. పేర్లన్నీ అక్క పెట్టినవే. మెషిన్‌కి ‘పెద్దాయన’, లాప్‌టాప్‌కి ‘ముసలమ్మ’, ప్రింటర్‌కి ‘మూలుగు’. ఒంటరిగా నవ్వుకున్నాను. నిన్న నాలుగింటికి చూస్తే నాలుగో వరుస కూడా ఉంది. పావుగంట ఉండి పోయింది. ఇవాళ కూడా నాలుగింటికే వచ్చింది.

దాని పేరు ‘నేను’.

మరదలు


కొండ మీద
సోమవారం

మరదలికి,

అది ఏమీ కాదు. ఒక్కోసారి డబ్బాలు పాత పేర్లు గుర్తుపెట్టుకుని చూపిస్తుంటాయి. పట్టించుకోకు. పని లేనప్పుడు డబ్బా ఆపేసి ఉంచు, నాలుగింటికి అసలు వెయ్యకు.

అత్తయ్యగారికి ఈ సంగతి చెప్పకు.

ఇక్కడ గాలి ఎక్కువగా ఉంది. పని ఆగింది.

బావ


ఇల్లు, రేకుల గది
గురువారం

బావగారికి,

ఈసారి మీ ఉత్తరంలో పిలుపు మారింది. అమ్మకి చదివేటప్పుడు తప్పొప్పుల పట్టిక అని నేనే కలిపి చదివాను. కింద అయిదు వాక్యాలు వదిలేశాను. ఇంతేనా అంది. ఇంతే అన్నాను.

ఆ డబ్బాకి ఏ జ్ఞాపకమూ లేదని మొదటి ఉత్తరంలో మీరే రాశారు. ఆ ఉత్తరం నా దగ్గరుంది.

ర లేని ఆ పేరు తెలిసినవి లోకంలో నాలుగే. మూడు ఈ గదిలో ఉన్నాయి. నాలుగోది అక్క ఫోన్. ఆసుపత్రిలో ఇచ్చిన సంచిలో అది లేదని అమ్మ అప్పుడే చెప్పింది. మీరు రెండుసార్లు వెళ్ళి అడిగి వచ్చారు. ఆ సంచి నేను మోశాను, లోపలికి మాత్రం చూడలేదు.

తొమ్మిది రోజులుగా చూస్తున్నాను. ఆదివారం కూడా మానలేదు. నాలుగింటికి వస్తుంది, పావుగంట ఉంటుంది, ఒక్కసారిగా పోతుంది. నెమ్మదిగా దూరమైనట్టు గీతలు ఒకటొకటిగా తగ్గవు. మూత వేసినట్టు పోతుంది.

నాకు భయంగానే ఉంది. ఆ సమయానికి మెషిన్ నడుస్తుంటే పలక మీద అక్షరం తప్పు పడుతుందేమోనని ఆపేస్తున్నాను. అయినా ‘నేను’ అన్న ఆ మాట తెర మీద కనిపించే పావుగంటా ఇంట్లో ముగ్గురం ఉన్నట్టుంటుంది. మీరు ఆపమన్నా ఆపలేకపోతున్నాను.

అక్క అనేది, ఇలాంటిదాన్ని ఏ గదికైనా తీసుకెళ్ళొచ్చని. వచ్చే వారం పలకలు అయిపోతాయి. అప్పుడు ఒక రోజు నాలుగింటికి దీన్ని చేత్తో పట్టుకుని నడుస్తాను, గీతలు పెరిగే వైపు. వీధిలోకి వెళ్ళాల్సి వస్తే వీధిలోకి కూడా.

ముప్పై ఒకటి అయ్యాయి.

మరదలు


కొండ కింద, బస్సుల షెడ్డు దగ్గర
మంగళవారం

మరదలికి,

ఈ ఉత్తరం అత్తయ్యగారికి చదవొద్దు. చదివాక నీ దగ్గర కూడా ఉంచుకోవద్దు.

నువ్వు నడవక్కర్లేదు. ఆ ఫోన్ ఎక్కడుందో నాకు తెలిసింది.

మీ అక్క పోయిన తర్వాత కూడా నేను ఆమె నంబర్‌కి రాస్తూనే ఉన్నాను. కిందకి దిగిన ప్రతిసారీ. ఏం తిన్నానో, ఎవరు జారిపడ్డారో, అలాంటివి. ప్రతిదాని పక్కనా ఒకటే గీత. అవతల అందలేదని అర్థం. అందదని తెలుసు కాబట్టే రాయగలిగాను. అక్కడే ఒకసారి ఇంకోటి కూడా రాశాను.

మీ అక్క పోయిన రోజు కొండ మీద సిగ్నల్ లేదని మీ అందరికీ చెప్పాను. మామూలుగా లేదు. ఆ రోజు మాత్రం పరీక్ష కోసం గంటసేపు వదిలాం. నేను టవర్ మీద ఉన్నాను. జేబులో ఫోన్ మోగింది. మీ అక్క పేరు చూశాను. ఇంటికెప్పుడొస్తావని పోట్లాడటానికే అనుకున్నాను. కట్ చేశాను. మళ్ళీ చేసింది, మళ్ళీ కట్ చేశాను. మూడోసారి మోగుతుంటే చూస్తూ ఊరుకున్నాను. కడుపునొప్పి అని చెప్పడానికి చేసింది. ఆసుపత్రికి వెళ్ళాలా వద్దా అని నన్ను అడగడానికి చేసింది. నేను ఎత్తుంటే రెండు గంటల ముందే ఆపరేషన్ బల్ల మీదకి తీసుకెళ్ళేవాళ్ళు. డాక్టర్ అక్షరాలా అదే అన్నాడు, రెండు గంటల ముందొచ్చి ఉంటే అని.

అదంతా రాశాను, ఒక్క మాట దాచకుండా.

పదిరోజుల కింద దిగినప్పుడు చూస్తే కొత్తవాటి పక్కన రెండు గీతలున్నాయి. అందాయి. నువ్వు పెట్టిన డబ్బా పుణ్యమే. దాని సిమ్‌లోంచి ఇంటర్నెట్ వస్తుంది, పాత పేరు విని ఆ ఫోన్ కూడా వచ్చి కలిసింది. నీకు అబద్ధం రాసింది అందుకే. ఇవాళ దిగాను. గీతలు రంగు మారి ఉన్నాయి. తెరిచారన్నమాట. ఆ రోజు సంగతి రాసిన పెద్దది కూడా. నెల దాటినవైతే అందకుండానే పోయేవి, నేను దాన్ని రాసింది ఈ నెలలోనే.

కింద ఒక జవాబు కూడా ఉంది. ఆమె నంబర్ నుంచి. పదకొండు సెకన్ల గొంతు సందేశం. బస్సుల చప్పుడులో మూడుసార్లు విన్నాను. గుడ్డతో లోహం రుద్దుతున్న చప్పుడు, ఒక నిట్టూర్పు, అంతే. ఆ నిట్టూర్పు ఎవరిదో ఈ ఇంటి అల్లుడికి తెలియదా.

అత్తయ్యగారు అంతా చదివారు. చదివి ఒక్క మాట అనలేదు, నీతో కూడా. తిట్టి ఉంటే వచ్చి కాళ్ళ మీద పడేవాణ్ణి. ఆ నిట్టూర్పు విన్నాక ఏ మొహం పెట్టుకుని రాను? అవతలి కొండకి మార్చమని అర్జీ పెట్టాను. అక్కడ రెండేళ్ళ పని. డ్రిల్లు టైలర్‌ని అడుగు, ఆయన బావమరిది దగ్గరుంది.

బావ


ఇల్లు, వెనక మెట్లు
ఆదివారం

బావగారికి,

మీ ఉత్తరం అమ్మకి చదవలేదు. జీపు రాలేదట అన్నాను. అమ్మ నా చేతిలో కవరు వంక చూసి పాలిష్ గుడ్డ అందుకుంది.

మీరు వద్దన్నా నడిచాను. ఎడమచేతిలో డబ్బా, కుడి మోచేతి మీద తెరిచిన లాప్‌టాప్. ముందు గదిలో రెండు గీతలు. గేటు దగ్గర ఏమీ లేదు. వీధిలోకి వెళ్ళాల్సిన పని లేదని తెలిసి ముందు ఊపిరి తీసుకున్నాను, మీరు నవ్వినా సరే. వెనక్కి తిరిగాను. వంటింట్లో మూడు. వెనక గుమ్మంలో నాలుగు.

అమ్మ మెట్ల మీద నాకు వీపు పెట్టి కూర్చుంది. ఒళ్ళో ఇత్తడి పలక, పాలిష్ గుడ్డ. పక్కన పాలిష్ పొడి రేకు డబ్బా, మూత తీసి ఉంది. ఫోన్ ఉండేది అందులో. మూత పెడితే అక్క మాయమైపోయేది అందుకే. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని వింటోంది. అక్క గొంతు గుమ్మందాకా వినిపించింది.

“అమ్మా, ఆ పలక మీద చెయ్యి పెట్టకే, ముద్ర పడుతుంది. నేను ఆరింటికల్లా వచ్చేస్తా.”

అమ్మ ఫోన్‌కి సరేలే అని చెప్పింది. మళ్ళీ అదే వేసుకుంది. మళ్ళీ సరేలే అంది.

నా నీడ మెట్టు మీద పడితే తిరిగింది. దాచలేదు. ఉందని చెబితే అల్లుడికి ఇచ్చెయ్యాలిగా, మొగుడి వస్తువు మొగుడిదేగా, అందుకని లేదన్నాను అంది. ఏడవలేదు. నువ్వు కూడా విను అని పక్కకి జరిగింది. ఎనిమిది ఉన్నాయి, అక్క బయటికి వెళ్ళినప్పుడు అమ్మ పాత ఫోన్‌కి పంపినవి. అన్నీ ఇంటి మాటలే. ఒకదాంట్లో గ్యాస్ కట్టావా అని అడుగుతుంది.

మీకు వెళ్ళిన ఆ పదకొండు సెకన్లు జవాబు కాదు. అక్క గొంతు కోసం వెతుకుతూ అమ్మ ఏదో నొక్కింది. ఎక్కడ నొక్కితే వినపడుతుందో, ఎక్కడ నొక్కితే వెళ్తుందో అమ్మకి తేడా తెలియదు. మీవి తెరుచుకున్నదీ అలాగే.

మీరు అక్కకి రాసినవి నేను చదవలేదు. నాకు రాసింది చాలు. దాన్ని దాచుకున్నాను, చింపలేదు.

మీ రెండు గంటల సంగతి దిద్దడానికి నేను సరిపోను. ఆ రోజు మీరు ఎత్తకపోయేసరికి, బండికి చెయ్యమని అక్క ఫోన్ నా చేతికిచ్చింది. అవతల ఎవరో హలో అన్నారు. నాకు గొంతు పెగల్లేదు. పెట్టేసి టైలర్ ఇంటికి పరిగెత్తాను. ఆయన నిద్రపోతున్నాడు, తలుపు తియ్యడానికి చాలాసేపు పట్టింది. వెనక్కి వచ్చేసరికి అక్క, వచ్చావా అంది.

నలభై పలకలు అయ్యాయి. సిస్టర్ వచ్చి ఎర్ర పెన్ను తీసింది, మళ్ళీ మూత పెట్టి జేబులో వేసుకుంది. శుక్రవారం బిగించాలి. టైలర్ బావమరిది డ్రిల్లు నాకొద్దు. మెషిన్ ఉంటుందని అమ్మ టైలర్‌కి చెప్పేసింది. ఆ టేపు పెద్దమనిషి తలుపు కూడా కొలుచుకుని వెళ్ళాడట, తలుపైనా అమ్ముతారేమో కనుక్కోమన్నాడట.

గాజు మూత మీద వేలిముద్ర గురించి మొదట్లో రాశాను. ఇవాళ అమ్మ బొటనవేలు పట్టుకుని దాని పక్కన పెట్టి చూశాను. అమ్మదే. మనం లేనప్పుడు మూత తీసి సూదిని ముట్టుకునేదట. ఆ ఫోన్ తెరుచుకునేది కూడా అదే వేలికి. అక్కే పెట్టింది, అంకెలు నొక్కే పని లేకుండా.

అమ్మ మౌనంగా ఉంది కాబట్టి తెలుసుకుని క్షమించలేదని మీరు అనుకున్నారు. అర్జీ వెనక్కి తీసుకోండి. అమ్మకి ఆ సంగతి తెలియాలంటే మీరు వచ్చి ఈ మెట్ల మీద కూర్చుని చెప్పాలి. నేను ఇంతవరకు మీ ఉత్తరాలన్నీ చదివి వినిపించాను, అది మాత్రం వినిపించను.

ఒకటి మీకు ఎప్పుడూ చెప్పలేదు. పెళ్ళికి ముందే అక్క నా దగ్గర మాట తీసుకుంది, పేర్లు చెక్కే ఇల్లు, కొత్త అల్లుడి ముందు అమ్మ చిన్నబోకూడదని. కళ్ళజోడు మార్చాల్సిన అవసరం లేదు. అమ్మకి చదవడం రాదు.

మరదలు